చిన్నప్ప ఫాదరుకు చావుపాట

ఆ శనివారం ఆరున్నరకు మొదలుపెట్టి, బజారు గోల లేవకముందే ముగించెయ్యాలన్నది చౌరప్ప అనుకున్న పని. మదనపల్లె పెద్ద చర్చిలో ఇరవైరెండేళ్లుగా పాటలు నేర్పుతున్న మనిషి అతడు. చనిపోయినవాళ్ల కోసం పాడే లాటిన్ పూజపాటలు రికార్డు చేసి పంపితే నవంబరులో కథీడ్రల్‌లో వినిపిస్తామని బిషపుగారి ఆఫీసు నుంచి కబురొచ్చింది. ముప్పైమంది గాయకుల్లో మిగిలింది తొమ్మిదిమంది. పైగొంతు పాడే రోజమ్మకు ఆయాసం. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పటికీ కాదని చౌరప్పకు తెలుసు.

పాట ఎత్తుకోబోతుండగా, గేటు దగ్గర పూలమ్మే మునీశ్వరి లోపలికి తొంగిచూసింది. "పొద్దన్నే చావుపాట అంటాండారే, ఎవురికన్నా?"

"చిన్నప్ప ఫాదరుకమ్మా," అన్నాడు చౌరప్ప పుస్తకంలోంచి తలెత్తకుండా. తనకు పాట నేర్పిన ఆ గురువుకే రికార్డింగు అంకితమివ్వాలని అతని కోరిక. ఆయన రిటైరై కుప్పంలో ఉంటున్నాడు. ఇదంతా మునీశ్వరికేం తెలుసు? గుండెలు బాదుకుని, ఒకప్పుడు ఆ ఫాదరు పనిచేసిన పుంగనూరులో ఉన్న చెల్లెలికి ఫోను చేసింది.

ఎనిమిదిన్నరకు, పాట మంచి పట్టులో ఉండగా, "అయ్యో సామీ!" అని శోకాలు వినిపించాయి. పుంగనూరు నుంచి వ్యానులో ఇరవైమంది దిగారు. మైకులు పెట్టిన దేవరాజులు హెడ్‌ఫోను తీసి, "అన్నా, పాట కంటే ఏడుపే బాగా పడతాండాది," అన్నాడు.

"ఆయన బతికే ఉండాడు!" అని అరిచాడు చౌరప్ప.

"మన మనసుల్లో ఎప్పుడూ ఉంటాడులేప్పా," అని ఒక ముసలాయన అతని వీపు నిమిరాడు.

చౌరప్ప కుప్పానికి ఫోను చేశాడు. స్విచాఫ్. మళ్లీ చేశాడు. స్విచాఫ్. ఇప్పుడతనికే అనుమానం మొదలైంది. పదకొండయ్యేసరికి చర్చి నిండా జనం, బయట షామియానా. పన్నెండుకు పెళ్లికి పోవాలని దేవరాజులు గడియారం చూపించాడు. చౌరప్ప బలిపీఠం మెట్ల మీద కూలబడ్డాడు. "ఒక్క పాట, ప్రభువా! ఒక్కటి కూడా నాకు రాసిపెట్టలేదా?"

అప్పుడే గేటు ముందు ఆటో ఆగింది. ఎనభయ్యారేళ్ల చిన్నప్ప ఫాదరు చేతిలో పూలదండతో దిగాడు.

"మదనపల్లెలో ఎవురో ఫాదరు పోయినాడని పొద్దన్నే ఎవురో చెప్తే బస్సెక్కి వచ్చేసినా. ఎవురప్పా పోయింది?"

అందరూ మునీశ్వరి వైపు తిరిగారు. ఆమె చేతులు జోడించింది. "మీరే, సామీ."

ఆయన ముందు వరుసలో కుర్చీ వేయించుకున్నాడు. "వచ్చినాను కదా, పాడండి. విని పోతా."

పాట మొదలైంది. మూడో చరణానికి ఫాదరు తల ఛాతీ మీదికి వాలింది. చేతిలో దండ జారి కింద పడింది. రెండొందల మంది ఊపిరి బిగబట్టారు. ఒక్క బిడ్డా ఏడవలేదు, ఒక్క ఫోనూ మోగలేదు. చౌరప్ప పాట ఆపలేదు. ఆపితే ఆయన్ను దారి మధ్యలో వదిలేసినట్టవుతుందనిపించింది. రోజమ్మ ఆయాసం మరిచి, కన్నీళ్లతో, ఎన్నడూ లేనంత పైకి పాడింది.

పాట ముగిసింది. చౌరప్ప వెళ్లి కుర్చీ ముందు మోకరిల్లి, చల్లటి ఆ చెయ్యి పట్టుకున్నాడు.

ఫాదరు ఒక కన్ను తెరిచాడు. "మొగోళ్లు సుతి తప్పినారు సూడు. నువ్వు నేర్పింది ఇదేనా?"

ఆ ముక్క కూడా శుభ్రంగా రికార్డయింది.