ఉమాశ్రీ రివర్సు గేరు విజయము

స్వస్తి! వాహనసహస్రసంకులమై, హారన్‌ఘోషబధిరీకృతదిగంతమై, అద్దాల మేడలతో సూర్యునికే కన్ను చెదరగొట్టు సైబరాబాదు మహానగరమునందు, శ్రావణ శుక్రవారమున, రాహుకాలము ఇంకొక గంటలో వచ్చుననగా, రవాణా కార్యాలయపు పరీక్షాప్రాంగణమున ఒక మహాసంగ్రామము జరిగెను. చెప్పెదను వినుడు. ఫోన్లు జేబులో పెట్టి మరీ వినుడు.

కూకట్‌పల్లి నివాసిని, మాదాపూరు సాఫ్ట్‌వేర్ సంస్థయందు పరలిఖిత ప్రోగ్రాములలో తప్పులు పట్టుటయే వృత్తిగా గలది, క్యాబు డ్రైవర్లు వరుసగా మూడుసార్లు రద్దు కొట్టగా “నా కారు నేనే నడిపెదను” అని శపథము పట్టినది, ఉమాశ్రీ అను వీరనారి కలదు. ఆఫీసువారు ఏటేటా పెట్టు అవినీతి నిరోధక ఆన్‌లైన్ శిక్షణలో తోటివారెల్లరు చదవకయే నెక్స్టు, నెక్స్టు అని నొక్కుచుండగా, ఈమె ఒక్కతె అక్షరమక్షరము చదివి నూటికి నూరు తెచ్చుకొనెను. అంతటి మనిషి డ్రైవింగు పరీక్షలో రెండుమార్లు తప్పెను. లంచమీయనందుననే తప్పించిరని కాంటీనంతయు టముకు వేసెను. ఇది మూడవమారు. లెర్నర్ లైసెన్సు గడువు రేపటితో సరి. నేడు తప్పెనా, కథ మరల మొదటికే.

బయలుదేరు వేళ మామగారు యజ్ఞనారాయణగారు, ముప్పదియారేండ్లు సర్కారు కొలువు చేసిన అనుభవసాగరుడు, ఇట్లు హితము పలికెను. “గుళ్లో పూజారిగారి పళ్లెంలో వేస్తాం కదమ్మా, దాన్ని లంచం అంటామా? ఇదీ అలాంటిదే. మర్యాద.”

“మామయ్యగారూ, జన్మంతా క్యాబుల కోసం ఎండలో నిలబడతాను గానీ ఒక్క రూపాయి విదల్చను” అని ఆమె గర్జించెను. పెద్దాయన ముసిముసిగా నవ్వుకొని పేపరు తిరగవేసెను. అప్పుడే అనుమానించవలసినది పిచ్చితల్లి, కాని పరీక్ష ధ్యాసలో ఉండెను.

ప్రాంగణమున ఇరువైపుల ఇనుప కడ్డీలు, నడుమ ఇరుకు బాట. కడ్డీ తాకకుండ కారు వెనుకకు నడపవలెను. పరీక్షాధికారిణి అనూష కాగితము పట్టుకొని నిలిచెను. ఉమాశ్రీ ఇష్టదైవమును తలచి క్లచ్చు వదలగా, కారు గజగజ వణికి, వంకరపోయి, మరల దారికి వచ్చి, చివరి కడ్డీకి జానెడు దూరమున ఆగెను.

“పాస్. పోండ్రి” అనెను అనూష.

ఆనందమునకు మేర లేదు. గేటు బయట చాయ్ డబ్బా దగ్గర, జేబునిండ పరుల దరఖాస్తులు కుక్కుకొన్న మధ్యవర్తిశిఖామణి రాజేందర్ ఎదురువచ్చెను. “ముబారక్ మేడం. మీ మామ మొన్ననే రెండువేలు ఇచ్చిండు. లోపల మాట్లాడిన, పని అయ్యింది.”

ఉమాశ్రీకి ఏడుపొక్కటే తక్కువ. గెలిచినది తానో, మామగారి రెండువేలో తెలియకపోయెను. గిరుక్కున వెనుదిరిగి అనూష ఎదుట నిలిచి, “నాకు మళ్లీ పరీక్ష పెట్టండి మేడం” అని సంగతంతయు చెప్పెను.

అనూష నవ్వెను. “వాడు నాకు పైసా ఇయ్యలే. వాని దందా గదే. పదిమంది తాన పైసలు తీస్కొని చాయ్ తాగుకుంట కూసుంటడు. పాసైనోళ్లు వాని పుణ్యమనుకుంటరు, ఫెయిలైనోళ్లకు వాపస్ ఇస్తడు. మీరు పోయిన రెండుసార్లు కడ్డీకి నిజంగనే గుద్దిన్రు. నేనే రాసిన.”

హతవిధీ! కాంటీనులో తానిచ్చిన ఉపన్యాసములన్నియు తలపునకు వచ్చి వీరనారి చెవులు సిగ్గుతో కాలెను. అయినను కదలలేదు. “నా కోసం పెట్టండి. డబ్బు సంగతి తెలిశాక ఒక్కసారి నడిపి చూసుకోవాలి.”

“గుద్దితే ఫెయిల్ రాస్త మరి.”

“రాయండి.”

“ఈమెకు దిమాగ్ ఖరాబైనట్టుంది” అనెను వరుసలోని ఒకడు. ఔను, ఖరాబైనదే. లేనిచో చేతికందిన లైసెన్సును ఎవరైన పణము పెట్టుదురా? స్వేదార్ద్రకరతలయై, అద్దమునందే దృష్టి నిలిపి, పెదవి కొరుకుచు, చీమ నడకన, వరుసలో హారన్లు మోగుచున్నను తొందరపడక, ఉమాశ్రీ ఆ బాటను రెండవమారు వెనుకకు దాటెను. ఈసారి జానెడు కాదు, మూరెడు.

“పాస్. ఇగ మూడోసారి అడగకుండ్రి” అని అనూష సంతకము చేసెను.

అనంతరము ఉమాశ్రీ గేటు బయటికి వచ్చి, మామగారి డబ్బుకై రాజేందర్ ఎదుట చేయి చాచెను. “పాసైనోళ్లకు వాపస్ ఇచ్చే రివాజు లేదు మేడం” అని అతడు నసిగెను. “అయితే లోపలికి రండి, మేడంగారి ముందే మాట్లాడుకుందాం” అనగానే రెండువేలు బయటపడెను.

అక్కడినుండే ఇంటికి ఫోను చేసెను. “మామయ్యగారూ, మీ రెండువేలు తిరిగి వచ్చాయండి.”

“అయ్యో, మళ్లీ ఫెయిలయ్యావా తల్లీ. దిగులు పడకు, ఈసారి ఐదువేలిద్దాం.”

“లేదండి, పాసయ్యాను. రెండుసార్లు.”

పెద్దాయనకు లెక్క కుదరలేదు. “పాసైతే మరి డబ్బులెందుకు తిరిగిచ్చాడమ్మా?”

జనులారా, ఈ సంగ్రామమువలన లోకమున లంచము వెంట్రుకవాసి తగ్గలేదు, యజ్ఞనారాయణగారి సందేహము నేటికిని తీరలేదు. కాని ఒక శుక్రవారమున, ఒక ఇనుప కడ్డీ, ఎవరి సిఫారసు లేకుండ, రెండుమార్లు దెబ్బ తినక నిలిచెను. జయము ఉమాశ్రీకి, జయము!