మా బేసిన్‌ను ముట్టుకోకండి!

పాఠక మహాశయులారా, వాష్‌బేసిన్‌లో ముఖం కడుక్కోవడమంత మోటు పని ఇంకొకటి లేదు! పూర్తి స్పృహలో ఉండే అంటున్నాను. గోడకు వేలాడే పాత బేసిన్ పీకించి, గ్రానైట్ బల్ల మీద పెద్ద గిన్నె పెట్టినట్టుండే కౌంటర్‌టాప్ బేసిన్ పెట్టించాక నాకు ఈ జ్ఞానోదయమైంది.

ఎంచుకోవడానికి ఇల్లంతా కదిలి షాపుకు వెళ్లాం. కోడిగుడ్డు ఆకారం, పడవ ఆకారం, ఆకు ఆకారం... ఉద్యోగానికి మనిషిని తీసుకునేటప్పుడు కూడా ఎవరూ అంత పరీక్షగా చూడరు! మా ఆవిడ రంగు చూసింది. అబ్బాయి ఫొటో తీశాడు. నేను వేలితో కొట్టి మోత విన్నాను. ఆ మోతను బట్టి ఏం తెలుస్తుందో నాకూ తెలీదు. అమ్మ ఒక్కతే, "ఇందులో నీళ్లు చిందవూ?" అంది. సేల్స్‌మన్ జాలిగా నవ్వి, "ఇది డిజైనర్ పీస్ అమ్మగారూ" అన్నాడు. డిజైనర్ పీస్ గురించి అలాంటి ప్రశ్నలు అడుగుతారా ఎవరైనా?

తర్వాత మేస్త్రీ వచ్చి, "బల్ల ఎంతెత్తున కట్టమంటారు సార్?" అన్నాడు. నేను తడుముకోకుండా, "పాత బేసిన్ అంచు ఎక్కడుందో సరిగ్గా అక్కడికే" అన్నాను. గోడ మీద గీత గీసి మరీ చూపించాను. ఎంత కచ్చితమైన మనిషినో చూడండి! అతను గీత తప్పకుండా కట్టాడు. ఆ బల్ల మీద జానెడు ఎత్తు గిన్నె కూర్చుంటుందన్న సంగతి, ప్లంబర్ దాన్ని కూర్చోబెట్టేదాకా నా బుర్రకు తట్టలేదు. అంచు నాకు ఛాతీ దాకా వచ్చింది. అమ్మకు గడ్డం దాకా.

మా ఆవిడ నావైపు ఒక్క చూపు చూసింది. ఆమె నోరు తెరవకముందే "బాగుంది" అనేశాను. అప్పటినుంచి బాగుందని నిరూపించడమే నా పని.

ఎన్ని లాభాలనుకున్నారు! ముఖం కడుక్కుందామని చేతులెత్తితే నీళ్లు మోచేతుల మీదుగా చంకల్లోకి చేరతాయి. అంటే సగం స్నానం ఉచితం! మునివేళ్ల మీద నిలబడీ నిలబడీ పిక్కలు గట్టిపడ్డాయి. జిమ్‌కు వెళ్లేవాళ్లను చూస్తే జాలేస్తోంది. ఇంటిపని ముట్టుకోడని పేరున్న నేను ఇప్పుడు భుజాన గుడ్డ లేకుండా బాత్‌రూమ్‌లోకి అడుగు పెట్టను. ఒక్క చుక్క ఆరినా నల్లటి గ్రానైట్ మీద తెల్లటి మచ్చ మరి! పేస్టు నురగ ఉమ్ముతున్నాడని అబ్బాయిని వంటింటి సింక్ దగ్గరికి తోలేశాం. దాంతో బేసిన్ తళతళలాడుతోంది. వాడని వస్తువుకుండే శుభ్రత వాడేదానికి ఎక్కణ్ణుంచి వస్తుంది చెప్పండి?

అమ్మ కోసం ప్లాస్టిక్ స్టూల్ తెచ్చాను. "ముఖం కడుక్కోవడానికి ఈ వయసులో ఎక్కడాలూ దిగడాలూ నావల్ల కాదు నాయనా" అని, బకెట్ ముందు కూర్చుని చెంబుతో కడుక్కోవడం మొదలుపెట్టింది. లేచేటప్పుడు గోడ పట్టుకుంటుంది. నేల మీద కూర్చుని లేస్తే మోకాళ్లకు మంచిదట అని, ఎక్కడో చదివినట్టు చెప్పాను.

నిన్న మా అక్క వచ్చింది. బేసిన్ చూసి, "అబ్బ, హోటల్లో ఉన్నట్టుందిరా!" అంది. నా ఛాతీ బేసిన్ అంచు దాటి పొంగింది. అంతలో ఆమె చేతులు కడుక్కుందామని కుళాయి మీద చెయ్యేసింది.

"ఆగు!" అని నేనూ, మా ఆవిడా, అబ్బాయీ ఒక్కసారే అరిచాం.

అక్క చెయ్యి వెనక్కి తీసుకుని, మూలనున్న బకెట్ వైపు చూసింది. "మరి అమ్మ ఎక్కడ కడుక్కుంటోందిరా?" అంది. నిజంగా సిగ్గేసింది. అమ్మే అందుకుని, "నాకేం లోటే? అదేమో చూసుకోవడానికి, బకెట్టేమో కడుక్కోవడానికి" అంది.

అందుకే రేపు ప్లంబర్‌ను రమ్మన్నాను. కొత్త బేసిన్ పీకేస్తున్నాననుకునేరు! అక్క మెచ్చిన వస్తువును పీకుతానా? బాల్కనీలో మనీప్లాంట్ కుండీగా పడి ఉన్న పాత బేసిన్‌ను ఎదుటి గోడకు, అమ్మ చేతికందే ఎత్తులో బిగిస్తాడంతే. అది అమ్మకు మాత్రమే. మాకు కొత్తదుంది కదా! మేం నాగరికులం!

కాకపోతే చిన్న చిక్కొచ్చి పడింది. ఇవాళ పొద్దున చూస్తే మనీప్లాంట్ అప్పుడే డబ్బాలోకి మారిపోయి ఉంది. మార్చింది మా ఆవిడ. పాత బేసిన్‌ను తోమి తళతళలాడించింది కూడా. అందులో ముందు తనే బ్రష్ చేస్తానని అబ్బాయికి ఇప్పట్నుంచే వాళ్లమ్మతో పోట్లాట. ఇంటి పెద్దగా నేనే సర్దిచెప్పాల్సి వచ్చింది.

"ఎవరూ కొట్టుకోకండి. అమ్మ తర్వాత నేను!"