కామాక్షి బెలూన్ ఎక్కిన రోజు

ఆ ఉదయం అనుకున్నది చిన్న పనే. కోవూరు నుంచి బయలుదేరి, తోటపల్లి గూడూరు తీరాన కామాక్షి అస్థికలు సముద్రంలో కలిపి, ఎండెక్కకముందే తిరిగి రావాలి. రంగనాయకులు భార్య అస్థికల కుండను ఒడిలో పెట్టుకుని కారులో కూర్చున్నాడు. దాన్ని నేల మీద పెట్టకూడదని బావమరిది పెంచలకృష్ణ దారి పొడవునా గుర్తుచేశాడు.

తీరాన పర్యాటకులను ఎక్కించుకునే బెలూన్ ఒకటి కనిపించింది. నలుగురు మనుషులు తాళ్లు పట్టుకుని దాన్ని కాస్త ఎత్తుకు వదిలి, మళ్లీ దించుతున్నారు. ఆ తాళ్లు కట్టాల్సిన జీపు ఇడ్లీల కోసం వెళ్లింది.

"మీ అక్క ఇది ఎక్కుదామనింది. కోతలు కానీమని నేనే ఆపినా," అన్నాడు రంగనాయకులు.

"ఇప్పుడెక్కించు బావా. ఎవురొద్దన్నారు?"

బెలూన్ నడిపే మాథ్యూ జాగ్రత్తలు చెప్పాడు. "దిగేటప్పుడు మోకాళ్లు వంచాల. రెండు చేతులతో బుట్ట లోపలి తాడు పట్టుకోవాల. ఆ కుండ కింద పెట్టండి సార్."

"కింద పెట్టకూడదు. ఎక్కేదే ఆమె కోసం."

"ఆమెను తొందరగా రమ్మనండి. గాలి లేస్తా ఉంది."

"వచ్చింది," అని రంగనాయకులు మాథ్యూ పక్కన బుట్టలోకి ఎక్కాడు.

బెలూన్ లేచింది. తాడు పట్టుకున్నవాళ్లలో ఒకడు అడిగాడు. "ఆ కుండలో ఏముందన్నా?"

"మా అక్క," అన్నాడు కిందే నిలబడ్డ పెంచలకృష్ణ.

నలుగురూ తాళ్లు వదిలేసి చేతులు జోడించారు.

బెలూన్ రొయ్యల గుంటల వైపు కొట్టుకుపోయింది. మాథ్యూ కేకలు వేస్తున్నాడు. రంగనాయకులు కుండను అంచుకు ఎత్తి పట్టుకున్నాడు.

"చూసుకో కామాక్షీ. అదిగో పెన్న. మన చేను ఆ పక్కే."

మాథ్యూకు అప్పుడు అర్థమైంది. బెలూన్‌లోకి మంట ఎగదోసే బర్నర్ వదిలి తానూ చేతులు జోడించాడు.

"నువ్వన్నా పట్టుకో నాయనా!" అన్నాడు రంగనాయకులు.

బుట్ట ఒక గుంటలో పడుతుంటే "రెండు చేతులూ!" అని అరిచాడు మాథ్యూ. రంగనాయకులు కుండనే రెండు చేతులా పట్టుకున్నాడు. బుట్ట ఒరిగింది. అతను నడుము లోతు నీళ్లలో లేచి నిలబడేసరికి చేతుల్లో కుండ మూతి మాత్రం మిగిలింది.

గుంట యజమాని ఓబయ్య పరుగున వచ్చాడు. "ఏందయ్యా నా గుంటలో పోసినావు? రొయ్యలు చస్తే ఎవురిది బాధ్యత?"

"మా ఇంటామె," అన్నాడు రంగనాయకులు. "సముద్రంలో కలపాలని వచ్చినా. ఈడ పడిపోయింది."

ఓబయ్య నీళ్లకేసి చూశాడు. తర్వాత తలగుడ్డ తీసి, కట్ట మీదికి వెళ్లి తూము తలుపు ఎత్తాడు.

"ఈ కాలవ సముద్రానికే పోతాది. రొయ్యలు పోతే పోనీ."

రంగనాయకులు ఆ నీళ్ల పక్కనే, కాలువ సముద్రంలో కలిసేదాకా నడిచాడు.

మర్నాడు తీరాన కొత్త బోర్డు వెలిసింది: తాళ్లు పట్టుకున్నవారు ఎవరికీ నమస్కారం పెట్టరాదు.