రెండంగుళాల ఆత్మగౌరవం

మనుషులకు ఉన్నట్టే సరుకుల బండికీ ఆత్మగౌరవం ఉంటుంది. దాని మందం రెండంగుళాలు. ముందు చక్రాల స్ప్రింగుల మీద బిగించే రెండు ఇనుప బిళ్ళల రూపంలో అది బజారులో దొరుకుతుంది. పేరు లెవెలింగ్ కిట్. అది లేని బండ్లు ఇన్నాళ్ళూ రోడ్డెక్కడానికి ఎలా సాహసించాయో, వాటి యజమానులకు కంటి మీద కునుకు ఎలా పట్టిందో ఇంతవరకూ ఎవరూ పరిశోధించలేదు.

విషయం తెలియనివారికి ఒక మాట. పికప్ బండిని తయారు చేసేవాళ్ళు దాని వెనక భాగాన్ని కాస్త ఎత్తుగా, ముక్కును కాస్త కిందికి ఉంచుతారు. సరుకు పడగానే వెనక దిగి, బండి చదునుగా నిలబడుతుంది. బరువు తప్పకుండా వస్తుందన్న నమ్మకంతో పుట్టిన వాహనం అది. పరుపుల దుకాణం నడిపే మా బావ అందులో ఫోం పరుపులు, దిండ్లు వేస్తాడు. వాటిని కొండలా పేర్చి తాళ్ళు బిగించినా వెనక స్ప్రింగులకు ఆ సంగతే తెలియదు. కొన్న నాటి నుంచీ ఆ బండి రాని బరువు కోసం నడుము ఎత్తిపెట్టి ఎదురుచూస్తూనే ఉంది. (మనుషుల్లో ఈ లక్షణాన్ని ఏమంటారో మనస్తత్వశాస్త్రం పుస్తకాల్లో ఉంది. బండ్ల దాకా ఆ శాస్త్రం ఇంకా రాలేదు.)

బావ బాధకు మూలం పక్క దుకాణం సిమెంటు బాబాయి. ఆయనదీ అదే కంపెనీ బండి, అదే రంగు. బస్తాలు పడగానే అది భోంచేసిన పెద్దమనిషిలా నిమ్మళంగా నిలబడుతుంది. ఒకరోజు రెండు బండ్లూ పక్కపక్కన ఉండగా ఆయన మా బండి చుట్టూ ఒకసారి తిరిగి, "ఏమోయ్, నీ బండి ఎవరి కాళ్ళ మీదో పడబోతున్నట్టుందే" అని, టీ తాగడానికి వెళ్ళిపోయాడు. అన్నవాడు మరిచిపోతాడు, పడ్డవాడు మోస్తాడు. (ఏ శాఖ అనుమతీ అక్కర్లేకుండా నడుస్తున్న రవాణా ఇదొక్కటే.)

బావ ఆరడుగుల మనిషి, కొంచెం వంగి నడుస్తాడు. తన వెన్నుకు చేయించుకోవలసిన వైద్యం బండికి చేయిస్తున్నాడేమోనని నాకు అనుమానం. అక్క మొగుడితో ఇలాంటివి అనకూడదు కాబట్టి ఊరుకున్నాను.

ఇక ఒక చిన్న సాంకేతిక వివరం మిగిలింది. ఆ బండిని నడిపేది బావ కాదు, మా అక్క. బావకు లైసెన్సు ఉంది గానీ బండిని వెనక్కి పోనివ్వడం రాదు. ముందుకు మాత్రమే వెళ్ళే మనిషి వ్యాపారానికి మంచిదే, డెలివరీకి పనికిరాడు. అక్క పొట్టిగా ఉంటుంది. దుకాణంలోనే కుట్టిన గట్టి దిండు వేసుకుని కూర్చుంటే, బానెట్ అంచు మీదుగా ఆమెకు రోడ్డు సరిపడా కనిపిస్తుంది. ఇంట్లో పిల్లలు, అత్తగారు, కుట్టుమిషన్లు, కొలతలు అడిగే ఫోన్లు. తలుపు వేసుకోగల గది ఆమెకు ఆ బండి ముందు భాగం ఒక్కటే. అందులో పాడుకుంటానని ఒకసారి నాతో చెప్పింది. ఇంట్లో ఆమె పాడగా విన్నవాళ్ళు లేరు.

బావ కిట్ వేయిస్తానన్న మాట వినగానే అక్క నన్ను పక్కకు పిలిచింది.

"ముక్కు లేస్తే నాకు రోడ్డు కాదురా, ఆకాశం కనిపిస్తుంది. అప్పుడు డ్రైవర్ని పెడతారు. నన్ను తీసుకెళ్ళి గల్లాపెట్టె ముందు కూర్చోబెడతారు."

"బావకు చెప్పొచ్చుగా?"

"అడిగితే చెబుతాను."

ఎవరూ అడగలేదు. అడగవలసిన వాళ్ళు చాలామందే ఉన్నారు మరి. మెకానిక్‌ను అడిగారు. ఆయన బిళ్ళలు బిగించడం పెద్ద పని కాదని, ఆ తర్వాత చక్రాల వరస, హెడ్‌లైట్ల చూపు సరిచేయాలని చెప్పాడు. అనుభవజ్ఞుడని సిమెంటు బాబాయిని అడిగారు. బండి వెనక నాలుగు ఇసుక బస్తాలు పడేస్తే చాలదా అన్నాడాయన. వేసి చూశారు. బండి చక్కగా చదునైంది, పరుపులకు చోటు పోయింది. ఇసుకను ఊరంతా తిప్పి పరుపులను దుకాణంలో ఉంచుకోవడం లాభసాటి కాదని తేలింది. పుస్తకాలు చదువుతానని నన్నూ అడిగారు. అక్కను అడగమన్నాను. అది అభిప్రాయం కిందికి రాదన్నారు.

చివరికి వ్యవహారం వాహన భంగిమల శాఖకు చేరింది. శాఖవారి యాప్ మొదటి ప్రశ్నే సూటిగా అడుగుతుంది: మీ వాహనం ప్రస్తుత భంగిమ ఏది? వినయం, నిటారు, అహంకారం. బావ నిట్టూర్చి 'వినయం' నొక్కాడు. కారణం చెప్పమంది. 'పరుపులు' అని కొట్టాడు. యాప్ చాలాసేపు గుండ్రంగా తిరిగి, సానుభూతి తెలిపి, బండిని స్వయంగా హాజరు పరచమంది.

శాఖ ఆవరణ వాలుగా ఉంటుంది. గేటు వైపు ముఖం పెట్టి నిలబెడితే మా బండి అద్దంలాంటి నేల మీద ఉన్నంత చదునుగా కనిపించింది. సమస్యే లేదన్నారు. అక్క దాన్ని తిప్పి నిలబెట్టింది. ఈసారి ముక్కు నేలను వాసన చూస్తోంది. సమస్య తీవ్రంగా ఉందన్నారు. రెండింటికీ సగటు కట్టి, నేల తప్పును బండి ఖాతాలో వేసి, ఆత్మగౌరవానికి అనుమతి ఇచ్చారు.

బిళ్ళలు బిగిశాయి. బండి ముక్కు లేచింది. ఆశ్చర్యం ఏమిటంటే బావ వీపు కూడా కాస్త లేచింది. అక్క సీటు మీద రెండో దిండు వేసింది. తల పైకప్పుకు తగిలింది, కాలు బ్రేకుకు అందలేదు. రెండో దిండు తీసేసింది.

మిగిలింది దృశ్య నిర్ధారణ. నిబంధన ప్రకారం భంగిమాధికారి బండి ముందు నిలబడాలి, తాను కనిపిస్తున్నట్టు డ్రైవరు చేత ఒప్పించుకోవాలి. అధికారి పొట్టిగా, గట్టిగా ఉన్నాడు. గీసిన గీత మీద నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, నేను కనిపిస్తున్నానా?"

"లేదు సార్."

"సరిగ్గా చూడండి."

"చూస్తూనే ఉన్నాను సార్. మాట వినిపిస్తోంది, మనిషి లేడు."

ఆయన ముఖం చూస్తే నాకే జాలేసింది. ఆ ఆఫీసులో ఆయనను చూడనట్టు నటించినవాళ్ళు బోలెడుమంది ఉండి ఉంటారు. నిజంగానే చూడలేకపోయిన మొదటి మనిషి ఈమే. మునివేళ్ళ మీద లేచాడు. అక్కకు ఆయన జుట్టు కనిపించింది. జుట్టును అధికారిగా పరిగణించవచ్చా అన్న విషయంలో నిబంధనలు స్పష్టంగా లేవు.

ఫైలు పైకి వెళ్ళింది. అధికారి కనిపించాలంటే బండిని దించాలి, లేదా అధికారిని ఎత్తాలి. బండిని దించితే శాఖ ఇచ్చిన అనుమతిని శాఖే తప్పుపట్టినట్టవుతుంది. కాబట్టి అధికారికి ఒక పీట మంజూరైంది. మంచి కర్ర పీట, మీద తెల్ల రంగుతో నంబరు. రెండోసారి వెళ్ళినప్పుడు ఆయన దాని మీద నిలబడి అదే ప్రశ్న అడిగాడు. గుండెల దాకా కనిపిస్తున్నారని అక్క ఉన్నది ఉన్నట్టు చెప్పింది. బండి పాసైంది. అధికారి పీట చంకన పెట్టుకుని, వచ్చినప్పటికంటే హుందాగా లోపలికి వెళ్ళాడు.

బావ నవ్వుతూ వచ్చాడు. అక్క బండి దిగి, తాళం ఆయన చేతిలో పెట్టింది.

"ఏమండీ, ఇప్పుడు మీరు ఎక్కండి."

ఆయన ఎక్కాడు. అక్క బండి ముందుకు నడిచి, ఇందాక పీట వేసినచోటే నేల మీద చతికిలబడింది.

"కనిపిస్తున్నానా?"

బావ మెడ చాచాడు. స్టీరింగు మీదికి వంగాడు. ఆరడుగుల మనిషి సీటులో ఎంత లేవగలడో అంతా లేచాడు.

"ఎక్కడున్నావే?"

"మీ ముందే. మన చిన్నది నిలబడితే ఇంతే ఉంటుంది."

బావ దిగి వచ్చి, అక్కకు చెయ్యందించి లేపి, తాళం తిరిగి ఇచ్చాడు. దారంతా నెమ్మదిగా పోనిచ్చి అక్క నేరుగా మెకానిక్ షెడ్డు ముందు ఆపింది. బిగించడానికి ఒక శాఖ మొత్తం కష్టపడిన బిళ్ళలను మెకానిక్ ఎవరినీ అడగకుండా, మాతో కబుర్లు చెబుతూ ఊడదీశాడు. ఇప్పుడు అవి దుకాణంలో కాగితాలు ఎగిరిపోకుండా కాపలా కాస్తున్నాయి. సిమెంటు బాబాయి మళ్ళీ ఏదో అన్నాడట. బావ విన్నాడు గానీ ఇంటికి మోసుకురాలేదు. అక్క బండి అద్దాలు మూసుకుని డెలివరీలకు వెళుతోంది. ఏం పాడుతోందో మాకు తెలియదు, తెలియకపోవడమే న్యాయం.

శాఖ రికార్డుల్లో మాత్రం మా బండి నేటికీ నిటారుగానే ఉంది. పీట కూడా క్షేమం, అధికారికి బదిలీ అయితే ఆయన వెంటే వెళుతుంది. రోడ్డు దాటే పిల్లలకు పీటలిచ్చే ప్రతిపాదన ఏదీ ప్రస్తుతానికి పరిశీలనలో లేదు.