స్వచ్ఛందంగా లేవవలెను

ప్రజలు కుర్చీల్లో మరీ ఎక్కువసేపు కూర్చుంటున్నారని సాంస్కృతిక మంత్రిగారు కనిపెట్టారు. అందుకు మందుగా ‘నృత్యశక్తి’ ఆర్కెస్ట్రా కచేరీ ప్రకటించారు. "అన్నీ డాన్సు బాణీలే! మూడో పాటకల్లా హాలంతా స్వచ్ఛందంగా లేచి ఆడాలి" అని సెలవిచ్చారు. ఇంత ముందుచూపున్న నాయకుడు దొరకడం మన పూర్వజన్మ సుకృతం.

ఆ శాఖలో నేను గుమాస్తాని. ఆర్కెస్ట్రాలో పెద్ద డ్రమ్ము వాయించేది మా వదిన. పదకొండేళ్లుగా టెంపరరీ. జనం లేస్తే పర్మనెంటు చేస్తామని డైరెక్టరుగారు అందరి ముందూ మాటిచ్చారు.

"లేవకపోతేనండీ?" అంది వదిన.

"లేచేదాకా వాయించమ్మా, ఏం పోయింది?" అన్నారాయన.

స్వచ్ఛందంగా లేవడానికి మూడు రిహార్సల్సు వేశాం. ప్రేక్షకులు మా ఆఫీసువాళ్లే కాబట్టి ఇబ్బంది లేదు. మంత్రిగారి కుర్చీలో ఒక ఫైలు పెట్టి, ఫైలు ఎత్తగానే లేచేవాళ్లం. ఎందుకంటే మంత్రిగారి కంటే ముందు ఎవరూ లేవరాదని ప్రోటోకాల్ సెక్షన్ సర్క్యులర్ ఇచ్చింది. ప్రజలు లేచాకే తమరు లేవాలని మంత్రిగారికీ అదే సెక్షన్ ఒక కాగితం పంపింది. ఆ సంగతి మాకు తర్వాత తెలిసింది.

కచేరీ రోజు మూడో పాట మొదలైంది. మంత్రిగారు వెనక్కి తిరిగి మమ్మల్ని చూశారు. మేం మంత్రిగారిని చూశాం. పాట అయిపోయింది. మళ్లీ మొదలెట్టారు. ఏడోసారికి వయొలిన్లవాళ్ల చొక్కాలు తడిసిపోయాయి. వదిన పళ్లబిగువున వాయిస్తూనే ఉంది.

"నేను లేవనా సార్?" అన్నాను డైరెక్టరుగారి చెవిలో.

"ఇంక్రిమెంటు వద్దా నీకు?" అన్నారు.

తొమ్మిదోసారి వదిన చేతిలోంచి కర్ర జారిపడింది. డ్రమ్ము ఆగింది. కచేరీ అయిపోయిందనుకుని మంత్రిగారు "హమ్మయ్య" అంటూ లేచారు. హాలంతా ఒక్క ఉదుటున లేచింది. రిహార్సల్లో నేర్చుకున్నట్టే ఆడుతూ ఆయన్ని కారుదాకా సాగనంపాం. మర్నాడు పేపర్లన్నీ ప్రజల ఉత్సాహాన్ని తెగ మెచ్చుకున్నాయి.

వారం తిరక్కుండా రిపోర్టు వచ్చింది. టైపు చేసింది నేనే.

"పెద్ద డ్రమ్ము ఆగిన మరుక్షణమే ప్రేక్షకులు లేచినట్లు ధ్రువపడినది. నృత్యశక్తికి ఆటంకము అదియేనని తేలినందున, సదరు పోస్టు రద్దు చేయడమైనది."

వదిన ఆ కాగితం రెండుసార్లు చదువుకుంది.

"ఈ రద్దు టెంపరరీయేనా మరిదీ?"

"లేదు వదినా," అన్నాను. "పర్మనెంటు."