గోడ మీద సబ్-కమిటీ

బడికి గోడ లేకపోయినా ఫరవాలేదు, సబ్-కమిటీ మాత్రం ఉండి తీరాలి!

ఈ మాట అనగానే మీలో కొందరు నవ్వుతారని నాకు తెలుసు. నవ్వండి. ధర్మవరంలో కూడా మొదట అందరూ నవ్వారు. తరువాత మానేశారు. నేను పట్టుచీరల వ్యాపారిని. మా వీధి బడికి పెట్టిన తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల సంఘానికి ప్రెసిడెంటుని. కాబట్టి ఇది అనుభవం మీద చెబుతున్న మాట.

ఆ సంఘం పుట్టింది మా బడి హెడ్మాస్టరు గంగప్ప అయ్యవారి అమాయకత్వం వల్ల. మూడో తరగతి గదికి పడమటి గోడ ఒకటి ఉండేది. మట్టిగోడ. వానలకు నాని, నడుమ పొట్ట పెరిగి, వీధి వైపు వాలింది. పైన బరువైన మట్టిమిద్దె. ఆ గోడ పక్కనే పిల్లలు వరసగా కూర్చుని ఎక్కాలు చదివేవారు. నలుగురు పెద్దమనుషులు కలిస్తే గోడ బాగుపడుతుందని ఆయన అనుకున్నాడు. నలుగురు పెద్దమనుషులు కలిస్తే ఏమవుతుందో ఆయనకు అప్పటికి తెలియదు.

నన్ను ప్రెసిడెంటు చేశారు. ఎందుకంటారా? వీధిలో సగం మగ్గాల చీరలు నా అంగడికే వస్తాయి. నా ఎదురుగా మరొకరి పేరు చెప్పడం ఎవరికీ తోచలేదు. దీన్నే ఏకగ్రీవం అంటారు.

పదవి వచ్చిన మర్నాడే నేను రైలెక్కి హిందూపురం పోయాను. అక్కడి అంగళ్ళలో వెతికి వెతికి ఒక ఇత్తడి గంట తెచ్చాను. మీటింగులో ఎవరైనా అక్కరకు వచ్చే మాట చెప్పబోతే వాయించడానికి. కాగితాలు కలిసిపోకుండా కట్టలు కట్టించాను. ఫిర్యాదులకు ఎర్ర పట్టుదారం, పొగడ్తలకు పచ్చ పట్టుదారం, ఆలోచించవలసిన వాటికి పసుపు. మా అంగట్లో పట్టుకు కొదవ లేదు కదా! కొద్ది రోజులకే పసుపు దారం అయిపోయింది. దానిని బట్టి మా సంఘం ఎంత ఆలోచించిందో మీరే ఊహించుకోండి.

మొదటి మీటింగులో గంగప్ప అయ్యవారు లేచి, చేతులు కట్టుకుని అన్నాడు.

"అయ్యా, గోడ వాలిపోయింది. పిల్లలను ఆ గదిలో కూర్చోబెట్టాలంటే నాకు భయంగా ఉంది."

నేను గంట వాయించాను. గోడ ఎజెండాలో లేదు. ఎజెండాలో ఉన్నది కుర్చీలు ఏ వరసలో వేయాలన్న సంగతి. గోడ వాలింది కదా అని కుర్చీలు వంకరగా వేసుకుంటామా? ఆ సాయంత్రమంతా చర్చించి, ప్రెసిడెంటు కుర్చీ తూర్పు ముఖంగా ఉండాలని తీర్మానించాం. ఎంత చక్కటి తీర్మానం! ఇప్పటికీ తలచుకుంటే తృప్తిగా ఉంటుంది.

రెండో మీటింగులో గోడను ఎజెండాలో పెట్టాను. నేను మొండివాణ్ణి కాను. అయితే ఈసారి మాట్లాడటానికి లేచింది తిప్పమ్మ. ఆమె, ఆమె భర్త కొండప్ప మా అంగడికే చీరలు నేస్తారు. వాళ్ళ కూతురు చౌడమ్మ మూడో తరగతి. గోడ పక్క వరసలో కూర్చునేది ఆ పిల్లే.

"సావుకారూ, గోడ ఇయ్యాలో రేపో పడేట్లుండాది. నా బిడ్డ దాని కిందనే కూకోని ఉంటాది," అంది.

నేను మెత్తగా నిబంధన వివరించాను. సంఘంలో సభ్యులు తండ్రులు. తల్లులు రావచ్చు, వినవచ్చు. మాట్లాడదలిస్తే భర్తను పంపాలి.

"ఆయప్ప మగ్గం గుంతలో ఉండాడు. లేసొచ్చి ఈడ కూకుంటే చీర ఎవురు నేస్తారు? ఆ చీర మీకే గదా ఇయ్యాల?"

చూశారా, పద్ధతి తెలియని మనుషులతో వచ్చే చిక్కు! చీర తీసుకునే సావుకారు వేరు, కుర్చీలో కూర్చున్న ప్రెసిడెంటు వేరు. ఒకే మనిషి అయినంత మాత్రాన కలిపేస్తామా? అయినా ఆమె ఆడమనిషి అని సర్దుకుని, గోడ మీద ఒక సబ్-కమిటీ వేశాను. నేను, పోస్టుమాస్టరూ, మా సెక్రటరీ కూడా అయిన హనుమంతరాయుడు, ఎప్పుడూ ఊళ్ళో ఉండని ఒక వకీలు గారు. వకీలు గారు లేనిదే కోరం లేదు. కోరం లేనిదే నిర్ణయం లేదు. తొందరపాటును అరికట్టడానికి ఇంతకన్నా మంచి ఏర్పాటు ఎవరైనా చేయగలరా?

సబ్-కమిటీ గోడను పరిశీలించింది. వీధికి అవతలి అరుగు మీద నిలబడి పరిశీలించింది. దగ్గరికి పోతే పక్షపాతం కలుగుతుందని హనుమంతరాయుడు అన్నాడు. గోడ వాలిన మాట నిజమేనని, కానీ ఏనాటి నుంచి వాలిందో తేలనిదే ఇది కొత్త వాలుడో, పాత వాలుడో చెప్పలేమని రిపోర్టు రాశాం. పసుపు దారం లేదు కనుక దానికి ఎర్ర దారమూ, పచ్చ దారమూ పేని కట్టాం.

ఇంత జరుగుతుండగా తిప్పమ్మ ఏం చేసిందో తెలుసా? ఒకనాటి ఉదయం బడికి వచ్చి, కూతురి చెయ్యి పట్టుకుని లేపింది.

"పదండి పిల్లోల్లూ, మా ఇంటికి పోదాం. ఆడ గోడలు సక్కంగా ఉండాయి," అంది.

మూడో తరగతి మొత్తం ఆమె వెంట పోయింది. వాళ్ళ వెంట గంగప్ప అయ్యవారు పోయాడు, నల్లబల్ల నెత్తిన పెట్టుకుని! హెడ్మాస్టరు అన్నవాడు నల్లబల్ల మోస్తూ వీధిలో నడవడం మా సంఘం చరిత్రలో మాయని మచ్చ.

ఆ ఇల్లు ఎంత? మగ్గం, నేసేవాడు కాళ్ళు దించి కూర్చునే గుంత, పొయ్యి, పడక అన్నీ కలిపి ఒకటే సాల, అంటే ఒకటే గది. పిల్లలు అక్కడ ఇరుక్కుని కూర్చునేవారు. అయ్యవారు పాఠం చెప్పేటప్పుడు కొండప్ప మగ్గం ఆపేవాడు, చప్పుడుకు పిల్లలకు వినపడదని. పొద్దు వాలి పిల్లలు వెళ్ళాక మళ్ళీ గుంతలోకి దిగేవాడు. పండుగ ముందు రావలసిన చీర నాకు రాలేదు. మనిషిని పంపించి గట్టిగా అడిగించాను. ప్రెసిడెంటుగా కాదు, సావుకారుగా.

అంతలో పెనుకొండ నుంచి స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు వస్తున్నారని కబురు వచ్చింది. ఇక చూడండి మా ఏర్పాట్లు! మూడో తరగతి గది ఊడ్పించాను. చాపలు దారం పట్టి కొలిచినట్టు వేయించాను. కుర్చీలు తీర్మానం ప్రకారం వేయించాను. బల్ల మీద గంట, దాని పక్కన రంగురంగుల కట్టలు. అంత క్రమంగా ఉన్న తరగతి గదిని నేను నా జన్మలో చూడలేదు. పిల్లలు ఉంటే అలా ఉంటుందా?

ఇన్‌స్పెక్టరు వచ్చారు. గడప దగ్గర నిలబడి లోపలికి చూశారు. గోడను చూశారు. చూసి నాలుగడుగులు వెనక్కి వేసి, వీధి దాటి, అవతలి అరుగు దగ్గర ఆగారు. సబ్-కమిటీ నిలబడిన చోటే ఆయనా నిలబడటం చూసి నాకు ఎంతో సంతోషం కలిగింది. పెద్దల ఆలోచనలు ఎప్పుడూ కలుస్తాయి.

"పిల్లలేరీ?" అన్నారు.

నేను గంట వాయించాను. ఎవరూ రాలేదు. చేసేది లేక ఆయన్ను తిప్పమ్మ ఇంటికి తీసుకుపోయాను. లోపల పిల్లలు కిక్కిరిసి ఉన్నారు. చౌడమ్మ నిలబడి పాఠం చదువుతోంది. తడబడకుండా చదివింది. ఇన్‌స్పెక్టరు మెచ్చుకుని, "మీ బడి ఇదేనా అమ్మా?" అని అడిగారు.

"ఈడే సార్ బడి. ఆడ సంఘం ఉండాది," అంది ఆ పిల్ల.

గంగప్ప అయ్యవారు గబుక్కున పైకి, దూలాల వైపు చూశాడు. తిప్పమ్మ నవ్వు ఆపుకోవడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇన్‌స్పెక్టరు మాత్రం నవ్వలేదు.

"గోడ వెంటనే కట్టించండి. ఈలోగా ఒక్క పిల్లనైనా ఆ గదిలోకి రానివ్వవద్దు," అని నాతో అని, సాయంత్రం బండికి పెనుకొండ వెళ్ళిపోయారు.

ఆయన అటు వెళ్ళడం, ఇటు మబ్బు పట్టడం. మా సీమలో వాన రావడమే అరుదు. వచ్చిందంటే ఇలాంటి సమయమే చూసుకుని వస్తుంది. దీపాలు పెట్టే వేళకు వీధి అదిరేలా చప్పుడైంది. అందరం పరుగెత్తాం. పడమటి గోడ కూలిపోయింది. గోడ బయటికి పడగానే ఆధారం లేక మిద్దె లోపలికి కుప్పకూలింది. చాపల మీద, కుర్చీల మీద, మట్టి, బండలు, విరిగిన దూలాలు. చౌడమ్మ రోజూ కూర్చునే చోట ఒక దూలం నిలువునా దిగబడి ఉంది.

తిప్పమ్మ ఆ దూలాన్ని చూసింది. వానలోనే కూతుర్ని దగ్గరికి లాక్కుని, దాని తల నిమురుతూ నిలబడింది. కొండప్ప మగ్గం మీంచి లేచి వచ్చినవాడు వచ్చినట్టే నేలమీద కూలబడ్డాడు. గంగప్ప అయ్యవారు ఒక్కొక్క పిల్ల ఇంటికీ పోయి, పిల్లలందరూ ఉన్నారా అని అడిగి వచ్చాడు. ఉన్నారని తెలిసినా అడిగాడు.

నేను తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాను. ప్రెసిడెంటు వీధిలో తలపాగా విప్పవచ్చునా అన్న సంగతి నిబంధనల్లో లేదు.

తరువాతి మీటింగు తిప్పమ్మ ఇంట్లోనే పెట్టవలసి వచ్చింది, మరో చోటు లేక. కుర్చీ లేదు కాబట్టి చాప మీద కూర్చున్నాను. అయినా సభను నిబ్బరంగా ప్రారంభించాను. సబ్-కమిటీ వల్ల కలిగిన మేలు ఇప్పటికైనా గ్రహించండన్నాను. మేము తొందరపడి గోడకు మాట్లు వేయించి ఉంటే ఏమయ్యేది? పిల్లలు ధైర్యంగా దాని కిందే కూర్చునేవారు! మేము ఆలస్యం చేయబట్టే వాళ్ళు ఈ ఇంటికి వచ్చారు, వచ్చారు కాబట్టే బతికారు! ఇందులో తప్పెక్కడుంది? మీరే చెప్పండి. ఆ ఊపులోనే, కొత్త గోడ రాతితో కట్టాలా, మట్టితో కట్టాలా తేల్చడానికి ఇంకొక సబ్-కమిటీని ప్రతిపాదించాను.

తిప్పమ్మ లేచింది. తల్లులు మాట్లాడరాదని హనుమంతరాయుడు గుర్తు చేశాడు.

"ఇల్లు నాదే గదప్పా, నోరు నాది కాదా?" అని అతణ్ణి కూర్చోబెట్టి, నా వైపు తిరిగింది. "సావుకారూ, కోపం చేసుకోవద్దండి. ఒక్క మాట అడుగుతా. మీ మనవడు జయరాముడు యాడ చదువుతాండాడు?"

అది సభకు సంబంధం లేని ప్రశ్న. నేను గంట కోసం చెయ్యి చాపాను. గంట మట్టి కింద ఉంది.

జవాబు గుమ్మం దగ్గర నుంచి వచ్చింది. పిల్లలకు బొరుగులు తెచ్చి, అక్కడే కూర్చుని ఉంది నా భార్య రంగనాయకమ్మ.

"హిందూపురంలో తిప్పమ్మా, వాడూ మూడో తరగతే. మా తమ్ముని ఇంట్ల ఉండి చదువుతాండాడు. బడిలో చేర్పించను ఈయప్పే పొయినాడు. గది గదికీ తిరిగి, గోడ గోడనూ చేత్తో గుద్ది గుద్ది చూసినాడు. వాళ్ళు నవ్వినా ఇనలేదు."

సాల నిండా జనం. అందరూ నా చేతుల వైపు చూశారు. నేను చేతులు కండువా కిందికి తీసుకున్నాను.

"అయితే ఆ బిడ్డను ఈడికే తెండమ్మా. మా పిల్లోల్లతో పాటు కూకుంటాడు," అంది తిప్పమ్మ, మా ఆవిడతో.

"తెస్తా," అంది మా ఆవిడ.

ఇంటికి పోయాక నేను చాలా విధాల నచ్చజెప్పాను. సంవత్సరం మధ్యలో బడి మార్చరాదన్నాను. పిల్లవాడికి ఇక్కడి నీళ్ళు పడవన్నాను. ఇక్కడే పుట్టాడు కదా అంది. మరునాటి రైలుకు పోయి తీసుకువచ్చింది.

తిప్పమ్మ ఇంట్లో కూడా ఇక చోటు లేదు. మగ్గం నడవక వాళ్ళ పొయ్యి సరిగా వెలగడం లేదని తెలిసి, గంగప్ప అయ్యవారే పిల్లలను మళ్ళీ బడికి మార్చాడు. మట్టి ఎత్తివేసి, మిద్దె లేని ఆ చోటే ఆరుబయట తరగతి పెట్టాడు. పొద్దెక్కే కొద్దీ ఎండ నేరుగా నెత్తి మీదికి వచ్చేది. ఒకనాడు అంగడికి పోతూ అటు చూశాను. జయరాముడు పలక నెత్తికి అడ్డం పెట్టుకుని, ముఖం ఎర్రగా కమిలిపోయి, ఎక్కం అప్పజెబుతున్నాడు.

అంగడికి పోలేదు. మేస్త్రీ ఇంటికి పోయి, భోజనం ముందు కూర్చున్నవాణ్ణి లేపి, గోడా, దాని మీద మిద్దే వెంటనే కావాలన్నాను. ఆ మధ్యాహ్నమే రాయి దిగింది. మట్టి కలపడానికి వీధిలో ఆడవాళ్ళంతా కొంగులు బిగించి వచ్చారు. కొండప్పా, తక్కిన నేతగాళ్ళూ మగ్గాలు ఆపి రాళ్ళు అందించారు. నేను ఒకచోట నిలవలేక అటూ ఇటూ తిరుగుతున్నాను.

హనుమంతరాయుడు పోస్టాఫీసు నుంచి ఆయాసపడుతూ వచ్చాడు.

"వకీలు గారు ఊళ్ళో లేరు, కోరం లేదు, తీర్మానం లేదు. గోడ ఎట్ల లేపుతారు సామీ?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏమప్పా, బుద్ధుండాదా నీకు? పిల్లోడు ఎండలో మాడిపోతాంటే ఎవురి తీర్మానం గావల్ల?" అని అరిచాను.

మట్టితట్ట నెత్తిన పెట్టుకుని పోతున్న తిప్పమ్మ ఆ మాట విని ఆగింది.

"ఏ పిల్లోడు సావుకారూ?" అంది.

ఎండలో మూడో తరగతి మొత్తం కూర్చుని ఉంది. నేను మేస్త్రీ వైపు తిరిగి, తొందరగా కానివ్వమన్నాను.