ఒక ఆంప్లిఫయరు, రెండు ఉపసంఘాలు

మన మంత్రిగారు మామూలు మనిషి కారు. ఆయన ప్రకటన చేస్తే సగం పని అయిపోయినట్టే. మిగతా సగం గురించి ఆయన ఇంకో ప్రకటన చేస్తారు. మొన్నామధ్య విలేకరులను పిలిపించి, గ్లాసెడు మంచినీళ్లు తాగి, గొంతు సవరించుకుని ఇలా అన్నారు.

"ప్రభుత్వ ఆఫీసుల్లో మూలుగుతున్న ప్రతి పాత మైకూ, ప్రతి పాత స్పీకరూ ఇకమీదట ఆన్‌లైన్‌లో అమ్ముతాం. కొన్నవాళ్ల గుమ్మంలోకి తెచ్చి ఇస్తాం. చౌకగా ఇస్తాం! భద్రంగా ఇస్తాం! ప్రపంచంలో ఏ మంత్రీ చెయ్యని పని ఇది!"

నిజమే. ఏ మంత్రీ చెయ్యలేదు. ఆ మాట ఆయన ఏ మైకులో అన్నారో ఆ మైకు పెట్టింది నేనే కాబట్టి నాకు స్పష్టంగా వినిపించింది. ఇరవై రెండేళ్లుగా ఆ విలేకరుల సమావేశాల హాల్లో మైకులు బిగించేదీ, విప్పేదీ, మంత్రులకు తుమ్ము వచ్చేటట్టుంటే శబ్దం తగ్గించేదీ నేనే. ఆరుగురు మంత్రులను విన్నాను. ఈయనకు మాత్రం ఎప్పుడూ శబ్దం పెంచాల్సిన అవసరం రాలేదు.

పథకం కింద అమ్మకానికి పెట్టిన మొదటి వస్తువు మా స్టోర్‌రూములోని పాత ఆంప్లిఫయరు. తుడిచి, ఫొటో తీసి, కింద నేనే రాశాను: "పాతది. ఎడమవైపు గీత ఉంది. బరువు ఇరవై రెండు కిలోలు. బాగా పనిచేస్తుంది." అధికారులు చూడకముందే పెట్టేశాను గనక అందులో అబద్ధం ఒక్కటీ లేదు. మధ్యాహ్నానికల్లా అమ్ముడైపోయింది.

కొన్నావిడ సాయంత్రం ఫోన్ చేసింది. ఎక్కడో బస్సు రూటు చివరి ఊళ్లో బడి హెడ్మిస్ట్రెస్ అట. గొంతులో కొంచెం గరగర ఉంది గానీ, మాట మాత్రం మా హాలు చివరి వరుస దాకా వెళ్లేటట్టుంది.

"తమ్ముడూ, మా బడిలో మూడు క్లాసులు ఒకే రేకుల షెడ్డులో నడుస్తాయి. వానొస్తే నా మాట నాకే వినపడదు. అరిచీ అరిచీ గొంతులో కాయలు కాశాయన్నాడు డాక్టరు. ఇంకో నెల ఇట్లాగే అరిస్తే మాట పూర్తిగా పోతుందన్నాడు. అందుకని సొంతంగా కొనుక్కున్నాను. ఎప్పుడు పంపిస్తావు?"

"రేపే అక్కా," అన్నాను.

అది నా తెలివితక్కువతనం. ఇప్పుడైతే అనను.

ఆ ఆంప్లిఫయరులో బరువంతా ఒక మూలనున్న ట్రాన్స్‌ఫార్మరుదే. దించేటప్పుడు పొరపాటున జారితే ఆ మూలే ముందు నేలకు తగులుతుంది. అందుకని మా ఇంట్లో పాత పరుపు కోసి, నాలుగు వేళ్ల మందాన స్పాంజి చుట్టి, ఒక అట్టపెట్టెలో పెట్టి, ఆ పెట్టెను ఇంకో పెద్ద పెట్టెలో దించాను. పొద్దున పదకొండింటి బస్సు ఆ ఊరికే వెళ్తుంది. కండక్టరు నాకు తెలిసినవాడు. లగేజీ టికెట్టు కొట్టిస్తే సాయంత్రానికి షెడ్డులో ఉంటుంది. పెట్టె భుజాన పెట్టుకుని ఆఫీసు గేటు దాటుతుంటే మంత్రిగారి కార్యదర్శిగారు ఆపారు.

"ఎక్కడికయ్యా?"

"బస్సులో వేసి వస్తానండి."

"బస్సా? ప్రభుత్వ పథకాన్ని బస్సులో వేస్తావా?"

"చౌకండీ. భద్రం కూడానండీ."

"ఆ రెండూ తేల్చడానికి నువ్వెవరు?"

నేనెవరినీ కాదు కాబట్టి రెండు ఉపసంఘాలు వేశారు. ఒకటి చౌక ఉపసంఘం, రెండోది భద్ర ఉపసంఘం. ఒకరి ప్రభావం ఒకరి మీద పడకూడదని రెండు సంఘాల సభ్యులూ మాట్లాడుకోకుండా ఉత్తర్వు ఇచ్చారు. ఒకే గదిలో పదేళ్లుగా ఎదురెదురుగా కూర్చుంటున్న ఇద్దరు గుమస్తాలు చెరొక సంఘంలో పడ్డారు. ఆ రోజు నుంచీ స్టాప్లరు కావాలన్నా లెటరు రాసుకునేవాళ్లు. అంతటి నిష్ఠ నేనెక్కడా చూడలేదు.

పద్దెనిమిది రోజుల తర్వాత రిపోర్టులు వచ్చాయి. చౌక ఉపసంఘం ఒక తోపుడుబండి ఆయన్ని సిఫారసు చేసింది. అందరికంటే తక్కువ అడిగాడు. ఎప్పటికి చేరుస్తాడని వాళ్లు అడగలేదు, అతనూ చెప్పలేదు. భద్ర ఉపసంఘం బ్యాంకులకు నోట్లు మోసే కంపెనీని సిఫారసు చేసింది. ఇనుప వ్యాను, ఇద్దరు తుపాకీ గార్డులు. ఆంప్లిఫయరు మీద దాడి జరిగితే ఎదురుకాల్పులకు చార్జీ అదనం.

మంత్రిగారు రెండూ చదివి రెండింటినీ మెచ్చుకున్నారు. "కాగితాలు చూసి నిర్ణయించడం పాతపద్ధతి. ట్రయల్ వెయ్యండి. కంపెనీలన్నిటికీ అదే వస్తువు ఇచ్చి పంపించి చూడండి. బాగా మోసినవాడికే కాంట్రాక్టు," అన్నారు.

"ఎక్కడికి పంపమంటారు సార్?" అడిగారు కార్యదర్శిగారు.

ఇదీ అసలు ప్రశ్న. ట్రయల్ వస్తువును అందుకుని సంతకం చెయ్యాలంటే గెజిటెడ్ అధికారి అయ్యుండాలి. అంత చిన్న బడి హెడ్మిస్ట్రెస్ ఆ హోదాకు రాదు. మా బిల్డింగులో మూడో అంతస్తులో మాత్రం అలాంటివాళ్లు పదకొండుమంది ఉన్నారు. కాబట్టి ఆంప్లిఫయరును కింది అంతస్తు నుంచి మూడో అంతస్తుకు పంపాలని తీర్మానం అయింది.

మెట్లెక్కితే రెండు నిమిషాలు. మొదటి కంపెనీ దాన్ని వేరే ఊళ్లోని గోడౌనుకు తీసుకెళ్లి, అక్కణ్ణుంచి ఇంకో గోడౌనుకు పంపి, అయిదో రోజున మూడో అంతస్తుకు చేర్చింది. మంత్రిగారు రోజూ పొద్దున్నే ఫోన్లో ట్రాకింగ్ చూసి, "బయల్దేరింది!" అని అందరికీ చెప్పేవారు. పెట్టె ఒక మూల నలిగింది. రెండో కంపెనీ తెచ్చినప్పుడు ముందున్న మీటల్లో మూడు లేవు. మూడో కంపెనీ తలకిందులుగా తెచ్చింది, పెట్టె మీద టైరు గుర్తు ఉంది. ఎత్తితే లోపల గలగలమంది.

ప్రతిసారీ దాన్ని ఇంటికి తీసుకెళ్లి, ఊడిన తీగలు అతికి, కొత్త స్క్రూలు బిగించి, మళ్లీ సిద్ధం చేసేవాణ్ణి. మా ఆవిడ రెండుసార్లు ఊరుకుంది. మూడోసారి అడిగేసింది.

"ఎవరికో అమ్మిన సామాను మాటిమాటికీ మన ఇంటికొస్తుందేం?"

"పరీక్షలు రాస్తోందే."

"అది పాసయ్యేలోగా నా పరుపు మొత్తం అయిపోయేటట్టుంది."

హెడ్మిస్ట్రెస్ మళ్లీ ఫోన్ చేసింది. ఈసారి గొంతు సగమే ఉంది. ఒక్కో మాటా ఈడ్చుకుంటూ వచ్చింది.

"తమ్ముడూ... బయల్దేరిందా?"

"బయల్దేరిందక్కా. మూడుసార్లు."

ఆవిడ నవ్వబోయింది. దగ్గు వచ్చింది. ఆ దగ్గు ఎంతకీ ఆగలేదు.

ఇంతలో చౌక ఉపసంఘం ఒక గొప్ప విషయం కనిపెట్టింది. కంపెనీలు బరువును బట్టి వసూలు చేస్తున్నాయి! ఇది ముందు ఎవరికీ తట్టలేదు. వెంటనే బరువు తగ్గించమని ఉత్తర్వు వచ్చింది. బరువు దేంట్లో ఉందని నన్నడిగారు. ట్రాన్స్‌ఫార్మరులో అని చెప్పాను. నోరు మూసుకుని ఉండాల్సింది. దాన్ని విప్పి భద్ర ఉపసంఘం బీరువాలో పెట్టి తాళం వేశారు. నాలుగో ట్రయల్లో రవాణా ఖర్చు సగానికి పడిపోయింది. పైగా ఒక్కటే స్క్రూ ఊడింది.

కార్యదర్శిగారి కళ్లు మెరిశాయి. "చూశారా? లోపల తక్కువుంటే పగిలేదీ తక్కువే!"

అయిదో ట్రయల్‌కు మిగతా ఆంప్లిఫయరు కూడా బీరువాలోకి వెళ్లింది. పెట్టెలో పెట్టె, మధ్యలో మా పరుపు స్పాంజి. ఒక్క గీత లేకుండా మూడో అంతస్తుకు చేరింది. రిపోర్టులో రాశారు: "పగిలినవి: సున్నా. ఖర్చు: అన్నిటికంటే తక్కువ." చౌక ఉపసంఘం, భద్ర ఉపసంఘం మొదటిసారి ఒకే కాగితం మీద సంతకం చేశాయి. ఆ ఇద్దరు గుమస్తాలు కావలించుకున్నారు. ఆ పెట్టె మోసిన కంపెనీ మంత్రిగారి తోడల్లుడిది. ఆ సంగతి తెలిసి మంత్రిగారే ఆశ్చర్యపోయారు. తేరుకోవడానికి ఆ సాయంత్రం తోడల్లుడి ఇంట్లోనే భోంచెయ్యాల్సి వచ్చింది.

పెట్టెను అదే కంపెనీ హెడ్మిస్ట్రెస్‌కు చేర్చింది. సంతకం పెడితేగాని పెట్టె ఇవ్వరు కాబట్టి ఆవిడ ముందు సంతకం పెట్టింది. నేను కార్యదర్శిగారి గదికి వెళ్లాను.

"సార్, ఆంప్లిఫయరు?"

"భద్రంగా ఉంది. బీరువాలో."

"మరి ఆవిడకి?"

"ఆవిడకి చేరినట్టు రసీదు ఉందిగా! ఇంకేం కావాలయ్యా?"

"తాళంచెవి ఇప్పిస్తే నేనే బస్సులో తీసుకెళ్లి ఇచ్చేస్తానండి. సెలవు పెట్టుకుంటాను."

తాళంచెవి ఇవ్వాలంటే రెండు ఉపసంఘాలూ అనుమతి ఇవ్వాలి. పని విజయవంతంగా పూర్తయిందని రెండింటినీ అంతకు ముందురోజే రద్దు చేశారు. ఆ బీరువా తాళం నా చేతిలో ఉన్న స్క్రూడ్రైవరుకు అర నిమిషం పని. కానీ ఇంకా ఎనిమిదేళ్ల సర్వీసు ఉందని గుర్తొచ్చింది. ఇంటికి వెళ్లిపోయాను.

వారం తర్వాత ఆ నెంబరు నుంచే ఫోన్ వచ్చింది. ఆడపిల్ల గొంతు.

"మావయ్యా, నేను హెడ్మిస్ట్రెస్‌గారి అమ్మాయిని. అమ్మకి మాట పడిపోయింది. ఇక రాదన్నాడు డాక్టరు. ఇప్పుడు పాఠాలన్నీ బోర్డు మీద రాసే చెబుతోంది. నువ్వు పంపిన పెట్టెలో స్పాంజి ఉంది. మిగతాది వేరే వస్తుందా మావయ్యా?"

ఫిర్యాదు రాసి పంపమ్మా అన్నాను. అంతకంటే పనికిమాలిన మాట ఈ ఇరవై రెండేళ్లలో నేను మైకులో కూడా వినలేదు.

ఆ పిల్ల నిజంగానే రాసింది. ఆ ఉత్తరం అందిన మూడో రోజున మంత్రిగారు మళ్లీ విలేకరులను పిలిచారు. హాలు కిటకిటలాడింది.

"మా పథకం మీద ఏదో ఫిర్యాదు ఉందట! మన మొదటి కస్టమరుకు ఇప్పుడే, ఇక్కణ్ణుంచే, మీ అందరి ముందూ ఫోన్ చేస్తున్నాను. ఆవిడ నోటితో ఒక్క ఫిర్యాదు చెప్పినా ఈ క్షణమే రాజీనామా చేస్తాను!"

చప్పట్లు. ఫోన్‌ను హాలు స్పీకర్లకు కలిపాను. హాలంతా రింగు వినిపించింది. ఆ అమ్మాయి ఎత్తింది.

"అమ్మ ఇక్కడే ఉందండి. అమ్మ తరఫున నేను చెబుతాను. ఆ పెట్టెలో..."

కార్యదర్శిగారు అడ్డొచ్చారు. "కుదరదమ్మా. ఒకరి బదులు ఇంకొకరు చెబితే చెల్లదు. కస్టమరు స్వయంగా, తన గొంతుతో చెప్పాలి. ఒక నిమిషం టైమిస్తున్నాం."

"అమ్మకి మాట రాదండీ! బోర్డు మీద రాస్తుంది, నేను చదువుతాను."

"చదవడం కుదరదన్నానా! ఫోన్ ఆవిడకివ్వు."

ఫోన్ చేతులు మారిన చప్పుడయింది. కార్యదర్శిగారు వాచీ చూసుకున్నారు. నేను శబ్దం పూర్తిగా పెంచాను. ముందు ఊపిరి వినిపించింది. తర్వాత సుద్దముక్క బోర్డు మీద గీసుకునే చప్పుడు మొదలైంది. గబగబా రాస్తోంది. మధ్యలో ముక్క విరిగినట్టుంది, ఒక్క క్షణం ఆగి మళ్లీ మొదలైంది.

"నిమిషం అయింది," అన్నారు కార్యదర్శిగారు. ఫైలు తెరిచి రాసుకున్నారు: "ఫిర్యాదు: లేదు."

"విన్నారుగా!" అన్నారు మంత్రిగారు రెండు చేతులూ చాచి.

హాలంతా చప్పట్లతో మారుమోగింది. విలేకరులు రాసుకున్నారు. ఫొటోలు తీశారు. చప్పట్లు ఆగాక కూడా స్పీకర్లలో సుద్దముక్క చప్పుడు వస్తూనే ఉంది. బోర్డు నిండినా ఆవిడ ఆపేటట్టు లేదు.

మంత్రిగారు చిరాగ్గా నా వైపు తిరిగారు.

"ఆ గోల కట్టెయ్యవయ్యా!"

కట్టేశాను.